బీదలు ఎప్పుడూ ఉంటారన్నాక ఆకలి పోతుందని ఆశపడొచ్చా?

వందనాలు బ్రదర్.

2030 నాటికి ప్రపంచంలో ఆకలి ఉండకూడదన్న ఐక్యరాజ్యసమితి లక్ష్యం గురించి మీ యూత్ మీటింగ్‌లో ఎవరో చెప్పగానే, ఇంకొకరు లేచి "బీదలు ఎల్లప్పుడూ మీతో ఉంటారని ప్రభువే అన్నాడు, పైగా అంత్యదినాల్లో కరువులు వస్తాయని రాసి ఉంది, మనకెందుకీ లెక్కలు" అన్నారని, ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదని రాశారు. గుంటూరులో మీ సంఘం నెలకోసారి అన్నం పొట్లాలు పంచుతోందని, అది చాలదని మీకే అనిపిస్తోందని కూడా రాశారు. సంఘాల తరఫున సహాయ పనులు చేయడమే నా ఉద్యోగంగా ఉండేది. ఎక్కువగా కృష్ణా, గుంటూరు జిల్లాల్లోనే తిరిగాను, ఇప్పుడు విజయవాడలో రిటైరై ఉన్నాను. నాకు తెలిసింది చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ వచనం సంగతి. మత్తయి 26లో ఒక స్త్రీ ఖరీదైన అత్తరు యేసు తల మీద పోస్తే, దాన్ని అమ్మి బీదలకు ఇవ్వొచ్చు కదా అని శిష్యులు విసుక్కుంటారు. అప్పుడు అన్న మాట అది. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం తెలిసినవాళ్లకు ఆ మాట ఎక్కడిదో చెప్పనక్కర్లేదు. అక్కడ 11వ వచనంలో బీదలు దేశంలో ఉండక మానరు కాబట్టి నీ చెయ్యి చాపమని ఆజ్ఞ ఉంది. అదే అధ్యాయం 4వ వచనంలో మీలో బీదలు ఉండనే ఉండరని వాగ్దానం ఉంది. ఈ రెండూ ఏడేళ్లకోసారి అప్పులు కొట్టేయాలన్న చట్టం చుట్టూ వచ్చిన మాటలు. అప్పుల చట్టాన్ని వదిలేసి, చెయ్యి చాపమన్నది వదిలేసి, బీదలు ఉంటారన్న ముక్క మాత్రం పట్టుకుంటే అది వాక్యం మీద గౌరవం కాదు. జేబులోంచి తీయాల్సి వస్తుందన్న భయం.

కరువుల మాటకొస్తే, లూకా 21:11లో కరువులు, తెగుళ్లు ఒకే వరుసలో ఉన్నాయి. తెగుళ్లలో మశూచిని మించింది లేదు మన తాతల కాలంలో. మన దేశంలో దాని ఆఖరి కేసు 1975లో. ప్రపంచంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. తెగుళ్లు వస్తాయని రాసి ఉండగా మశూచిని ఎలా తీసేస్తారని ఎవరైనా అడిగారా? పిల్లలకు టీకా వేయించుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. మరి ఆకలి విషయంలో మాత్రం ప్రవచనం ఎందుకు అడ్డొస్తోంది? మత్తయి 24లో కరువుల గురించి చెప్పిన ప్రభువు అదే ప్రసంగంలో 25వ అధ్యాయానికి వచ్చేసరికి "నేను ఆకలిగొన్నాను, మీరు భోజనం పెట్టలేదు" అంటాడు. మధ్యలో ఆయన కూర్చున్న చోటు కూడా మారలేదు.

ఇకమీదట ఆకలి, దాహం ఉండవని ప్రకటన 7వ అధ్యాయంలో ఉన్న ఆశ వేరు, అది ఆయన రాకడతో వచ్చేది. 2030 లక్ష్యం దానితో పోలిస్తే చాలా చిన్నది. ఏ ఇంట్లోనూ పిల్లలు ఖాళీ కడుపుతో పడుకోకూడదు, అంతే. దానికి బియ్యం కావాలి, కూలి గిట్టాలి, రేషన్ షాపు సరిగ్గా నడవాలి, యుద్ధాలు ఉండకూడదు. ఇవన్నీ మనుషుల చేతిలో ఉన్న పనులే.

మనుషుల చేతిలో ఉన్నాయని ధైర్యంగా అనడానికి నాకు మన గుంటూరు చరిత్రే ఆధారం. 1832-33లో వచ్చిన నందన కరువులో గుంటూరు జిల్లా 5 లక్షల జనాభాలో సుమారు 2 లక్షల మంది పోయారని బ్రిటిష్ రికార్డులు చెప్తాయి. అంటే అయిదుగురిలో ఇద్దరు. లూథరన్ మిషనరీ హయ్యర్ గారు 1842లో గుంటూరులో దిగేసరికి ఆ కరువు చూసి బతికినవాళ్లే ఊరంతా. తర్వాత 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట, 1855లో విజయవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాయి. గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకు ఇప్పటికీ దండలు వేస్తారు కదా, ఆయన గట్టి విశ్వాసి. నీళ్లుంటే జనం చావరని పై అధికారులతో ఏళ్ల తరబడి పోట్లాడాడు. ప్రార్థన చేసి ఊరుకోలేదు, ఖర్చు లెక్కలు వేసి పంపాడు.

ఇంకొకటి మీ కుర్రాళ్లకు తప్పకుండా చెప్పండి. 1876-78 మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ గారు ఏం చేశారో. అంబలి కేంద్రాలు పెట్టి ఊరుకోకుండా, అప్పుడు తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకున్నారు. ఆయనకు కుర్రతనంలో భూములు సర్వే చేసిన అనుభవం ఉంది. ఆకలితో వచ్చినవాళ్లకు పలుగూ పారా ఇచ్చి, తవ్విన మట్టికి కూలి ఇచ్చారు. సంఘంలోని ప్రసంగీకులే మేస్త్రీలు. సాయంత్రాలు వాక్యం చెప్పేవారు కూడా, అది దాచాల్సిన పని లేదు. కానీ కరువు సహాయం నడిచినంత కాలం బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, అలా మారినా అది నిలవదని. పని అయిపోయాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బియ్యానికి మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. అయినా ఆ ఏడాదికి పైగా ఆయన ఆగారే, అది నాకు ఆ 2,222 కంటే పెద్ద సంగతి. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది మాదిగ కుటుంబాలు. ఊరి జనం తమను పశువుల కంటే హీనంగా చూసిన రోజుల్లో, కూలి చేసి సంపాదించుకున్న తిండి తిని, ఎవరి మోచేతి నీళ్లూ తాగకుండా నిలబడ్డారు.

ఇక మన కాలానికి వస్తే, 1983లో రామారావు గారి 2 రూపాయల కిలో బియ్యం వచ్చాక పల్లెల్లో అన్నం తినే పూటలు పెరిగాయి. అంతకుముందు వర్షాకాలంలో పొయ్యి వెలగని ఇళ్లు ఎన్నో మా తరం కళ్లారా చూసింది. 2013 ఆహార భద్రత చట్టంతో అర్హులైన కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కు అయింది. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం రోజుకు 3 డాలర్ల పేదరిక గీత కింద మన దేశంలో 2011-12లో నూటికి 27 మంది ఉంటే, 2022-23 నాటికి 5 మందికి తగ్గారు. ఆ గీత చాలా కింద ఉందని ఎవరైనా అంటే నేనూ ఒప్పుకుంటాను, 3 డాలర్లతో గుంటూరులో ఏం బతుకుతారు. కానీ తగ్గింది మాత్రం నిజం. ఏమీ మారదు అనేవాళ్లు ఈ నలభై ఏళ్లూ ఎక్కడున్నారో నాకు అర్థం కాదు.

అయితే మిగిలిన ఆకలి వేరే రూపంలో ఉంది. కడుపు నిండుతోంది, ఒంట్లో రక్తం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అన్నం, పచ్చడి, నీళ్ల చారు. పప్పు వారానికి ఒకటి రెండుసార్లు, గుడ్డు బళ్లో పెడితేనే. డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లో వచ్చి ఆడవాళ్ల కోసం వైద్యం మొదలుపెట్టిన ఊళ్లో ఉంటున్నారు మీరు. మీ నెల పొట్లాల డబ్బు సగం పెట్టి మీ సంఘం ఆడవాళ్లకు రక్త పరీక్ష చేయించండి, ఏం తేలుతుందో చూడండి. చాలామంది "నీరసంగా ఉంటుందండీ" అంటూనే ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చి ఉంటారు.

ఇక అసలు తిండికే ఇబ్బంది పడేవాళ్లు ఎవరంటే, ఎక్కువగా కాగితం దగ్గర ఆగిపోయినవాళ్లు. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసే ఆడవాళ్ల వేళ్లు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? చర్మం పొరలు లేచి, గీతలు అరిగి ఉంటాయి. ఆ మంటకు రాత్రి చంటిబిడ్డను ఎత్తుకోవడానికి కూడా జంకుతారు, చెయ్యి బిడ్డ కళ్లకు తగులుతుందని. ఆ వేలు రేషన్ షాపు మిషన్ మీద పెడితే తీసుకోదు. రెండుసార్లు, మూడుసార్లు పెట్టి చూసి, వెనక క్యూలో వాళ్లు అరుస్తుంటే రేపొస్తానని వెళ్లిపోతుంది. రేపు వస్తే ఆ రోజు కూలి పోతుంది. కంటిపాపతో వేయించుకోవచ్చని, ఇంట్లో ఇంకొకరు వెళ్లి తెచ్చుకోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. పక్కన ఒక మనిషి నిలబడితే అయిపోయే పని ఇది.

ఇంకోటి కరెంటు మీటరు. బియ్యం కార్డుకు, అంటే రేషన్ కార్డుకు, అర్హత చూసే ఆరంచెల తనిఖీ ఉంటుందని మీకు తెలుసు కదా, అందులో కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదని ఒకటి. గుంటూరులో, విజయవాడ కొండ ప్రాంతాల్లో ఒక ఇంటికి ఒకటే మీటరు, అందులో మూడు నాలుగు కుటుంబాలు అద్దెకు. ఆ మీటరుకు వీళ్ల ఆధార్ ముడిపడితే బిల్లు అంతా వీళ్ల నెత్తిన పడుతుంది. ఒక ఫ్యాను, రెండు బల్బులు ఉన్న మనిషికి కార్డు రాదు. ఇంటి ఓనర్ కాగితం ఇవ్వడానికి ఇష్టపడడు, అద్దె లెక్కలు బయటపడతాయని. అక్కడ పాస్టరు గారో, సంఘ పెద్దో వెళ్లి ఓనర్‌తో మంచిగా మాట్లాడి, కరెంటు ఆఫీసులో, వార్డు సచివాలయంలో అర్జీ పెట్టించి వెంటపడితే సర్దుబాటు అవుతుంది. యానాది కుటుంబాలది ఇంకా మొదటి మెట్టు. పుట్టిన తేదీ కాగితం లేదు కాబట్టి ఆధార్ లేదు, ఆధార్ లేదు కాబట్టి కార్డు లేదు, అంగన్‌వాడీలో పేరు లేదు. కాలవ గట్ల మీద ఉంటారు, సర్వేకొచ్చినవాళ్లకు కనపడరు.

ఇది సంఘం చేయాల్సిన పనా అని మీ పెద్దలు అడుగుతారు. అపొస్తలుల కార్యములు 6 తీయండి. రోజూ పెట్టే భోజనంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లను వదిలేస్తున్నారని గొడవ వచ్చింది. అప్పుడు పెట్టుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల వైపు మనుషుల చేతికే పంపకం అప్పజెప్పారు. మీ అన్నదానం కమిటీలో తొడిమల పనికి వెళ్లే ఆడమనిషి ఒక్కరైనా ఉన్నారా? లేకపోతే పొట్లాలు ఎవరికి చేరుతున్నాయో మీకు తెలిసే మార్గం లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం. చర్చిలు, మసీదులు, గురుద్వారా, హోటళ్లు అందరూ వండారు, డ్రోన్లతో కూడా వేశారు. మెయిన్ రోడ్డు దగ్గర పొట్లాలు కుప్పలుగా మిగిలిపోతుంటే లోపలి సందుల్లో నడుం లోతు నీళ్లలో పాలడబ్బా లేని ఇళ్లున్నాయి. ఆ వీధుల్లో ఏ ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఏ ఇంట్లో మంచం మీద ముసలాయన ఉన్నాడు అన్నది ఇంటింటి ప్రార్థనలకు తిరిగే మా బైబిల్ ఉమెన్ ఒకామెకు నోటికి తెలుసు. ఆమె చెప్తుంటే కుర్రాళ్లు ట్యూబుల మీద పాలు తోసుకెళ్లారు. ఏ ప్రభుత్వం దగ్గరా లేని జాబితా అది.

అప్పుల గురించి కూడా చెప్పాలి. ఆకలికి వెనక తలుపు అదే. అధిక వడ్డీకి అప్పులిచ్చి జనాన్ని వేధించిన విజయవాడ కాల్‌మనీ బాగోతం 2015 డిసెంబర్‌లో బయటపడినప్పుడు అందరూ నోరెళ్లబెట్టారు కానీ, వారం వడ్డీలు, రోజువారీ వసూళ్లు అప్పటికీ ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. వంద కిలోల బియ్యం ఇచ్చినా ఆ ఇంట్లో బియ్యం నిలవవు, అమ్మి వాయిదా కడతారు. యోసేపు కథను మనం ఆదికాండం 41 దాకా చెప్పి ఆపేస్తాం, ఏడేళ్ల పంటలో అయిదో వంతు దాచాడు, జనం బతికారు అని. 47 కూడా చదవండి. ఆ ధాన్యం కోసం జనం డబ్బు ఇచ్చారు, తర్వాత పశువులు, తర్వాత పొలాలు, చివరికి తమను తామే ఫరోకు అమ్ముకున్నారు. ప్రాణం నిలిచింది, బానిసత్వం మిగిలింది. కొంతమంది సంఘ పెద్దలే వడ్డీకి తిప్పుతారు, మీకూ తెలుసు. ముందు అక్కడ మాట్లాడకుండా ఆకలి గురించి ఎంత ప్రసంగించినా వినేవాళ్లకు నవ్వొస్తుంది.

ఇదే పని దేశాల స్థాయిలో క్రైస్తవులు చేసి చూపించారు. లేవీయకాండం 25లోని సునాద సంవత్సరాన్ని, అంటే అమ్ముడుపోయిన పొలాలూ మనుషులూ తిరిగి విడుదలయ్యే జూబిలీ ఏడాదిని పట్టుకుని జూబిలీ 2000 అనే ఉద్యమం నడిచింది, పేద దేశాల అప్పులు రద్దు చేయాలని. 1998 మేలో బర్మింగ్‌హామ్‌లో ధనిక దేశాల నాయకులు కూర్చున్న చోటు చుట్టూ దాదాపు 70 వేల మంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఎక్కువ మంది మామూలు సంఘాల వాళ్లు, పెన్షన్ తీసుకునే ముసలివాళ్లు. ఆ తర్వాతి ఏళ్లలో పేద దేశాలకు కలిపి వంద బిలియన్ డాలర్లకు పైగా అప్పు తగ్గింది. పాత నిబంధన వచనం ఒకటి ఆర్థిక మంత్రుల బల్ల మీదకు ఎక్కిందంటే చిన్న సంగతా!

2030కి లక్ష్యం చేరతామా అంటే, చేరం. ఐక్యరాజ్యసమితే ఆ మాట ఒప్పుకుంటోంది. 2024లో 67 కోట్ల మందికి పైగా ఆకలితో ఉన్నారు, 2030కి కూడా దాదాపు 51 కోట్ల మంది ఉంటారని, అందులో 60 శాతం దాకా ఆఫ్రికాలోనేనని వాళ్ల అంచనా. సూడాన్‌లో, గాజాలో వచ్చింది వానలు పడక వచ్చిన కరువు కాదు, తుపాకులు తెచ్చింది. అంతమాత్రాన ఆశ వదులుకోవాలా? 1990లో ప్రపంచంలో మూడో వంతుకు పైగా కటిక పేదరికంలో ఉండేవారు, 2015కి పదో వంతుకు తగ్గారు. అలా తగ్గుతున్న రోజుల్లోనే పెట్టుకున్న గడువు ఇది, కరోనా, యుద్ధాలు వచ్చి వెనక్కి లాగాయి. గడువు తప్పితే ఇంకో గడువు పెట్టుకుంటారు. మీ యూత్‌కు ఈ నిజం నిజంగానే చెప్పండి, 2030లో పండగ చేసుకుంటామని చెప్పకండి.

ఇప్పుడు మీ సంఘం సంగతి. మనది డబ్బున్నవాళ్లు పేదలకు పెట్టే సంఘం కాదు, సగం బెంచీలు కూలి పనికి వెళ్లేవాళ్లవే. క్రైస్తవులైన దళితులను ఎస్సీలుగా లెక్కించని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతికే కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. క్రైస్తవులమని రాసుకున్న దళితులు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌లోకి వెళ్తారు, అందుకే రాసుకోరు. ఆ సంగతి తీర్పు చెప్పకుండా వినే చోటు సంఘంలోనైనా ఉండాలి. అలాంటి సంఘాల్లోనే పిడికెడు బియ్యం పద్ధతి నడిచింది. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి ఆదివారం తేవడం. మీ దగ్గర ఆగిపోయి ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. ఆ బియ్యాన్ని పాస్టరమ్మ గారి వంటింటికి కాకుండా కార్డు లేని ఇళ్లకు పంపండి.

నెల పొట్లాలు మానేయమని నేను అనను. కానీ టౌన్లో 5 రూపాయలకు అన్న క్యాంటీన్లో భోజనం దొరుకుతుంటే, దాని పక్క వీధిలోనే మీరూ మధ్యాహ్నం బిర్యానీ పంచడం వల్ల ఎవరి ఆకలీ కొత్తగా తీరదు. ఆ క్యాంటీన్ మూసే రోజు, మూసే వేళ చూసుకుని అప్పుడు పెట్టండి, జనరల్ ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్లకు పెట్టండి. అన్నం పెట్టేటప్పుడు ఫొటోలు వద్దు. చెయ్యి చాపిన ముఖం ఫేస్‌బుక్‌లో కనపడితే రేపు ఆ పిల్లాడు బళ్లో తలెత్తుకోలేడు. కరపత్రం కూడా పొట్లంతో పాటు పెట్టొద్దు. క్లౌ గారు అంత కరువులో ఆగగలిగినప్పుడు మీరు నెలకోరోజు ఆగగలరు.

నా సలహా అడిగితే, రెండు వందల పొట్లాల డబ్బుతో మూడు నాలుగు కుటుంబాలను రెండు మూడేళ్లు పట్టుకోండి. వడ్డీ అప్పు తీర్చడం, కార్డు, పిల్ల ఫీజు, తల్లికి మందులు. 2025 ఉగాదికి రాష్ట్ర ప్రభుత్వం పీ4 అని మొదలుపెట్టి, ఉన్నవాళ్లు (మార్గదర్శులు) పేద కుటుంబాలకు (బంగారు కుటుంబాలు) అండగా నిలవాలంటోంది, దాదాపు ఇదే. దాన్ని పార్టీ కార్యక్రమంగా చూసి దూరం జరగక్కర్లేదు. మీ సంఘంలో నుంచి అమెరికా వెళ్లిన పిల్లలను అడగండి, క్రిస్మస్ స్టార్‌కు పంపే డబ్బులో కొంత దీనికి పంపుతారు. ఆ కుటుంబాలు మన విశ్వాసులే కావాలన్న నియమం మాత్రం పెట్టొద్దు.

వచ్చే మీటింగ్‌లో వాదన పెట్టుకోకండి. ఆ వచనం చెప్పిన తమ్ముడినే తీసుకుని ఒక శనివారం మీ వార్డులో బియ్యం కార్డు లేని ఇళ్లు రాయండి. ఒక్కో ఇంటికి కార్డు ఎందుకు రాలేదో, సచివాలయంలో ఏ కారణం చూపిస్తోందో ఆ మాటల్లోనే రాసుకోండి. మీటరు కారణమా, పాత కార్డులో పేరు ఉండిపోయిందా, ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడటం) కాలేదా, ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది. ఇళ్ల వాళ్ల పేర్లు, నంబర్లు తీసేసి కారణాలు మాత్రం ఇక్కడ పెట్టండి, ఏది ఏ ఆఫీసుకు వెళ్లాలో చూసి చెప్తాను.